అమ్మకుండా ఉంచుకున్న మొక్క

భ్రమరాంబగారికి ఒక సవతి ఉందని కాన్‌బెర్రా శివారు హారిసన్‌లో తెలియని తెలుగువాళ్ళు లేరు. ఆ మాట పుట్టించింది కూడా ఆవిడే. ఎవరింట్లోనన్నా విష్ణుసహస్రనామం చదువుకుని ప్రసాదాలు తింటున్నప్పుడు "అంకుల్ రాలేదేం ఆంటీ?" అని ఎవరైనా అడిగితే, "ఎందుకొస్తారమ్మా, దొరసాని దగ్గర కూర్చున్నారు" అనేవారు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు తెల్లబోయి చూసేవారు. సంగతి తెలిసినవాళ్ళు నోట్లో పులిహోర పెట్టుకుని నవ్వాపుకోలేక అవస్థ పడేవారు.

ఆ దొరసాని ఒక చెట్టు. వాళ్ళ పెరట్లో, వంటింటి కిటికీకి ఎదురుగా ఉండే చిన్న బర్చ్ చెట్టు. ఒళ్ళంతా తెలుపు, అక్కడక్కడ కాటుక గీసినట్టు నల్లటి చారలు. మనిషెత్తు దాకా నిటారుగా లేచి, అక్కణ్ణించి కొమ్మలన్నీ గొడుగులా చుట్టూ కిందికి జారతాయి. తలంటుకుని జుట్టు ఆరబోసుకున్న దొరలమ్మాయిలా ఉందని భ్రమరాంబగారి భర్త దానికి ఆ పేరు పెట్టారు.

ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణ. అన్నవరం దేవుడికి మొక్కుకుంటే పుట్టినవారు. సొంతూరు కడియం పక్కన కడియపులంక. ఆ ఊళ్ళో పిల్లలకి అక్షరాలు వచ్చేలోపు అంట్లు కట్టడం వస్తుందంటారు. సత్యనారాయణగారికి పన్నెండో ఏట మొదటి మామిడి అంటు పట్టింది. అప్పట్నించి యాభై ఏళ్ళు, కౌలుకి తీసుకున్న ఎకరంన్నర నేలలో, మామిడీ సపోటా గులాబీ మందారం, ఆయన చెయ్యి తగిలి బతికిన మొక్కలకి లెక్కలేదు. కానీ ఆయన పెంచిన ఏ మొక్కా ఆయన కళ్ళముందు చెట్టు కాలేదు. మోకాలెత్తు రాగానే లారీ ఎక్కి, ఏ హైదరాబాదో ఏ నాగపూరో వెళ్ళిపోయేది.

"మనది చిన్న బడేనండీ," అనేవారాయన ఎవరైనా అడిగితే. "అఆలు దిద్దించి పంపేస్తాం. పెద్ద చదువులు ఎవరి పెరట్లోనో."

పద్దెనిమిదో ఏట కాపురానికి వచ్చిన భ్రమరాంబగారు ఆ ఎకరంన్నరలో ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి సంచులు నింపేవారు. రోజుకి మూడువందల సంచులు. అంటు కట్టడం మాత్రం ఆవిడకి ఎప్పుడూ నేర్పలేదు. "మట్టి చెయ్యి వేరు, అంటు చెయ్యి వేరు," అనేవారు ఆయన. ఆవిడా అడగలేదు.

కౌలు నేలని దాని యజమాని పిల్లలు ఇళ్ళ స్థలాలు వేసుకున్న ఏడాదే, కాన్‌బెర్రాలో ఉద్యోగం చేస్తున్న కూతురు శ్రావ్య అమ్మానాన్నల్ని తన దగ్గరికి తెచ్చేసుకుంది. అది జరిగి ఏడేళ్ళు. వచ్చిన మొదటి చలికాలం సత్యనారాయణగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి ఖాళీ పెరడు చూస్తూ గడిపారు. చూడలేక శ్రావ్య ఒక శనివారం ఇద్దర్నీ నర్సరీకి తీసుకెళ్ళింది. అక్కడ వరసలో చివర, ఎవరూ కొనక మిగిలిపోయిన ఈ బర్చ్ మొక్క కనబడింది. ఆయన దాని ఆకు చూడలేదు, బెరడు చూడలేదు. వంగి, కాండం పైన కొమ్మలు మొదలయ్యేచోట బొటనవేలు పెట్టి తడిమారు.

"అంటుమొక్కే ఇది," అన్నారు మొహం వెలిగిపోతూ. "ఎవడో చెయ్యి తిరిగినవాడు కట్టాడే భ్రమరా. అతుకు చూడు, కుట్టు కనబడకుండా దర్జీ కుట్టినట్టు."

మంచిరోజు చూసి, పసుపూ కుంకమా వేసి, కొబ్బరికాయ కొట్టి దాన్ని పెరట్లో నాటారు. నాటి, చేతులు కడుక్కోకుండానే అక్కడే నిలబడిపోయారు. "ఇది ఎక్కడికీ వెళ్ళదు," అన్నారు కాసేపటికి, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. ఆయన జీవితంలో అమ్మకుండా ఉంచుకున్న మొదటి మొక్క అది.

ఆ ఎండాకాలం వడగాలికి ఆకుల అంచులు మాడితే, భ్రమరాంబగారి పాత నేతచీర తెచ్చి దానికి పందిరి వేశారు. ఆవిడ అది చూసి, "పెళ్ళై నలభై ఏళ్ళయింది, నాకో చీర మీ చేత్తో తెచ్చింది లేదు. దొరసానికి మాత్రం నాది తీసి కట్టారు," అన్నారు. ఆ రోజునించే సవతి అయింది.

ఆరేళ్ళు ఇలా సుఖంగా వెళ్ళాయి. మొన్నటి ఏడు జూలైలో సత్యనారాయణగారు స్నానాలగదిలో పడిపోయారు. ఆసుపత్రిలో పరీక్షలు చేసి పెద్దపేగులో గడ్డ అన్నారు. అయిదు నెలలుగా రక్తం పడుతోందట. కూతురు కంగారు పడుతుందనీ, ఇల్లాలు ఉపవాసాలు మొదలుపెడుతుందనీ ఆయన ఎవరికీ చెప్పలేదు. "ఇంకాస్త ముందొచ్చి ఉంటే," అని డాక్టరమ్మ మొదలుపెట్టి, భ్రమరాంబగారి మొహం చూసి, మిగతా మాట మింగేసింది.

ఆపరేషన్ ఆగస్టులో పెట్టారు. ఆ వారంలోనే మండపేటనించి భ్రమరాంబగారి అక్కగారు ఉదయలక్ష్మి ఫోన్ చేసింది.

"మా పంతులుగారిని అడిగానే. మృత్యుంజయ మంత్రం భూర్జపత్రం మీద రాసి తలగడ కింద పెట్టమన్నారు. శ్రావణ శుక్రవారం పొద్దున్నే, తలస్నానం చేసి, నువ్వే రాయాలి. పట్టీ అతుకు లేకుండా ఒకటే ముక్క ఉండాలి. చిరిగింది పనికిరాదుట."

"భూర్జపత్రం ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుంది అక్కా?"

"దొరక్కపోతే దేవుడే చూపిస్తాడు. నువ్వు వెతుకు."

భ్రమరాంబగారు రెండు రోజులు ఫోన్ పట్టుకుని తెలిసినవాళ్ళందరినీ అడిగారు. చివరికి చెప్పింది మనవరాలు సాహిత్య. పదమూడేళ్ళ పిల్ల, తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. ఫోన్లో చూసి, "అమ్మమ్మా, ఇట్స్ జస్ట్ బర్చ్ బార్క్. దెయిర్స్ ఈజ్ హిమాలయన్, అవర్స్ ఈజ్ యూరోపియన్. సేమ్ ఫ్యామిలీ. వి హావ్ వన్ ఇన్ ద బ్యాక్‌యార్డ్!" అంది.

భ్రమరాంబగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. కళ్ళు చెమర్చాయి. ఎక్కడో మంచుకొండల్లో ఉండే చెట్టుని భగవంతుడు ముందే తెచ్చి వంటింటి కిటికీ ఎదురుగా పెట్టాడు, తన కళ్ళకే ఇన్నాళ్ళూ కనపడలేదు అనుకున్నారు.

శుక్రవారం తెల్లవారింది. ఇక్కడ ఆగస్టు చలికాలం. పెరట్లో గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టుంది. ఆవిడ తలస్నానం చేసి, తడిజుట్టుతో, దీపం పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళారు. తులసి కోసేముందు అడిగినట్టే దాన్ని కూడా అడిగారు. "తల్లీ, నీ యజమాని కోసం తీసుకుంటున్నాను. నొప్పించినందుకు క్షమించు." పైపొర గోటితో లాగితే పేలికలుగా వచ్చింది. లేత చెట్టు కదా, కాగితంలా ఊడదు. చిరిగింది పనికిరాదన్నారు. అందుకని కూరల కత్తితో కాండం చుట్టూ పైన ఒక గాటు, నాలుగు వేళ్ళ కింద ఇంకొక గాటు లోతుగా పెట్టి, నిలువునా చీల్చి, ఓపిగ్గా ఒలిచారు. పట్టీ అతుకు లేకుండా, చిరగకుండా వచ్చింది. లోపల కాండం తడిగా, పాలమీగడ రంగులో మెరిసింది.

ఆవిడ మనసులో ఏ శంకా లేదు. ఎందుకుంటుంది? కడియంలో గూటీలు కట్టడం నలభై ఏళ్ళు చూసిన మనిషి. కొమ్మ చుట్టూ బెరడు ఉంగరంలా తీసేసి, మట్టీ నాచూ పెట్టి కట్టేస్తారు, నెల తిరిగేసరికి వేళ్ళొస్తాయి. బెరడు ఉంగరం తీయడమంటే ఆవిడకి తెలిసినంతవరకూ ప్రాణం పోయడమే. గాటులోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతుంటే తీర్థమని కళ్ళకద్దుకున్నారు.

కుంకంపువ్వు నీళ్ళలో దానిమ్మపుల్ల ముంచి, మంత్రం రాసి, ఎర్రదారంతో చుట్టి, ఆసుపత్రిలో ఆయన తలగడ కింద పెట్టారు. అక్కడ ఫిలిప్పీన్స్ పిల్ల ఒకతె నర్సు. దుప్పట్లు మార్చేటప్పుడల్లా ఆ పొట్లం తీసి, శుభ్రమైన తువ్వాలు మీద పెట్టి, మళ్ళీ తలగడ కింద సర్దేది. ఇదేమిటని ఒక్కరోజూ అడగలేదు. భ్రమరాంబగారు ఆ పిల్ల పేరు రోజూ సంకల్పంలో కలుపుకునేవారు.

ఆపరేషన్ బాగా జరిగింది. సెప్టెంబరు మధ్యలో ఇంటికి పంపేస్తామన్నారు. ఆయన ఇంటికి రావడానికి రెండు రోజుల ముందు, పక్కింటి కోలిన్ కంచె మీంచి తొంగి చూశాడు. డెబ్భై దాటిన మనిషి, ఒంటరివాడు. సత్యనారాయణగారు ఆసుపత్రిలో ఉన్న అన్ని వారాలూ వీళ్ళ చెత్తడబ్బాలు రోడ్డు మీద పెట్టి, మళ్ళీ లోపలికి తెచ్చింది అతనే. చెట్టు మీద అతని చూపు పడగానే మొహం మారిపోయింది. గేటు తీసుకుని లోపలికొచ్చి వంగి చూశాడు.

"ఎవరు చేశారమ్మా ఇది? రింగ్‌బార్క్ చేశారు."

ఆవిడకి ఆ మాట తెలియదు. అతను బెరడు లేనిచోట వేలితో చుట్టూ గీసి, తర్వాత అదే వేలితో తన మెడ చుట్టూ గీసుకుని చూపించాడు. కూమా అనే ఊరి దగ్గర తన తాత పొలం ఉండేదనీ, అడవిని గొడ్డలితో నరకలేక ప్రతి చెట్టుకీ ఇలాగే బెరడు తీసి వదిలేసేవాడనీ నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఆపి చెప్పాడు. "చెట్టుకి వెంటనే తెలియదు. వసంతంలో ఆకులు కూడా వేస్తుంది. ఎండాకాలంలో చచ్చిపోతుంది."

భ్రమరాంబగారు గాటు మీద చెయ్యి పెట్టి చూశారు.

"సత్యకి చెప్పు," అన్నాడు కోలిన్. "అతనికి ఏం చెయ్యాలో తెలుస్తుంది."

"నో, నో. ప్లీజ్. హీ సిక్. నో టెల్." ఆవిడకి వచ్చిన ఇంగ్లీషంతా ఆ నాలుగు మాటల్లో అయిపోయింది. చేతులు జోడించారు. కోలిన్ ఆ జోడించిన చేతుల్ని చూడలేక తలతిప్పుకున్నాడు. చెప్పనని మాటిచ్చాడు గానీ, ఆ మాట ఇవ్వడం అతనికి ఇష్టం లేదని నడకలోనే తెలిసింది.

ఆ సాయంత్రమే ఆవిడ బియ్యం గోనెసంచి చింపి కాండానికి చుట్టి, తాడుతో కట్టేశారు.

ఇంటికొచ్చిన మర్నాడు సత్యనారాయణగారు కిటికీ దగ్గర కుర్చీ వేయించుకున్నారు. మనిషి సగమయ్యారు. చొక్కా హ్యాంగరుకి వేలాడినట్టుంది. చెట్టు కేసి చూసి, "ఆ గోనె ఏమిటే?" అన్నారు.

"మంచుకండి. ఈ ఏడు మంచు ఎక్కువ పడుతోంది."

"అబ్బో. సవతి మీద ఇంత ప్రేమ ఎప్పణ్ణించి?" అని నవ్వారు. నవ్వితే కుట్లు లాగి, పొట్ట పట్టుకున్నారు. భ్రమరాంబగారు మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళి, సింకులో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చారు.

గడ్డ తీసేశారు గానీ అది అప్పటికే కాలేయం దాకా పాకిందట. నెలలే అన్నారు డాక్టర్లు. ఆయనకి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆయన అడిగింది ఒక్కటే. "దొరసాని ఈసారి ఎలా చివురిస్తుందో చూడాలి." రోజూ పొద్దున్న మందులకంటే ముందు అదే మాట.

చెప్పాలని భ్రమరాంబగారు ఎన్నిసార్లు నోరు తెరిచారో ఆ పరమాత్ముడికే తెలియాలి. స్నానం చేయించేటప్పుడు ఒకసారి. జావ తాగిస్తూ ఒకసారి. ప్రతిసారీ ఆయన మొహంలో ఆ ఎదురుచూపు చూసి మాట మార్చేసేవారు. పోనీ కోలిన్‌కి తెలియదేమో, గూటీలు బతకడంలేదా, మంత్రం రాయడానికి తీసిన బెరడు దేవుడు పూడ్చడా అనుకునేవారు. ఉదయం దీపం దగ్గర ఆయన ఆయుష్షు అడిగిన నోటితోనే చెట్టు ఆయుష్షు కూడా అడిగేవారు.

అక్టోబరు మొదట్లో చెట్టు నిజంగానే చివురించింది. లేత చిలకపచ్చ ఆకులు, ప్రతి కొమ్మకీ. సత్యనారాయణగారి మొహం పండగైపోయింది. "ఇటు చూడు సాహిత్యా, ఒక్క కొమ్మ వదలకుండా వేసింది," అన్నారు. "సో ప్రెటీ, తాతయ్యా," అని ఆ పిల్ల ఫోటో తీసి ఆయన ఫోన్లో పెట్టింది. భ్రమరాంబగారు పరుగున వెళ్ళి దేవుడికి కొబ్బరికాయ కొట్టారు. కోలిన్ తప్పు, దేవుడు ఒప్పు అనుకున్నారు. దీపావళికి చెట్టు నిండుగా ఉంది. ఆ నెలన్నర ఆవిడ ఆ ఇంట్లో మనశ్శాంతిగా నిద్రపోయారు.

నవంబరు చివర ఎండలు ముదిరాయి. ఒక పొద్దున్న ఆవిడ కాఫీ పెడుతూ కిటికీలోంచి చూస్తే, కొసకొమ్మల ఆకులు వేలాడిపోయాయి. రెండ్రోజులకి పసుపు. వారానికి సగం చెట్టు పసుపు.

"గోనె విప్పవే," అన్నారు సత్యనారాయణగారు.

"ఎందుకండీ, ఎండకి..."

"మంచుకి కట్టానన్నావు. ఎండకి కూడా అదేనా? విప్పు."

ఆవిడ కదల్లేదు. ఆయన చేతికర్ర తీసుకుని లేచారు. కుర్చీకీ చెట్టుకీ మధ్య పదిహేనడుగులుంటాయేమో. రెండుసార్లు ఆగి, వెళ్ళి, తాడు తనే విప్పారు. గోనె జారింది. చుట్టూ నాలుగు వేళ్ళ మేర కాండం ఎండి, గోధుమరంగుకి తిరిగి, పగుళ్ళిచ్చి ఉంది. ఆయన బొటనవేలితో ఆ పొడి తడిమారు.

"కత్తి ఎవరిది?"

"నాదేనండి."

"ఎప్పుడు?"

"శ్రావణంలో. మీ ఆపరేషన్ వారం." భ్రమరాంబగారు పరుగున లోపలికెళ్ళి, ఆయన తలగడ కిందనించి పొట్లం తెచ్చి చేతిలో పెట్టారు. ఆయన ఎర్రదారం విప్పి, చుట్టచుట్టుకున్న పట్టీని వేళ్ళతో తెరిచి, కుంకంపువ్వు అక్షరాలు చదివారు. 

"గూటీ తీసినట్టు తీశావు," అన్నారు.

"గూటీలు బతుకుతాయి కదండీ. బతుకుతుందనే అనుకున్నాను."

"గూటీ కొమ్మకి తీస్తాం. మానుకి తీస్తామటే? ఆకు వండిన కూడు వేరుకి దిగే దారి అదే. దారి కోసేశావు." గొంతు పెంచలేదు. "సరే. తెలియక చేశావు. తెలియకపోవడం తప్పు కాదు. తెలిసిందెప్పుడు?"

ఆవిడ భయపడుతున్న ప్రశ్న అదే. తల వంచుకున్నారు. "మీరు ఇంటికొచ్చే రెండ్రోజుల ముందు. కోలిన్ చెప్పాడు."

ఆయన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టారు. "సెప్టెంబరు. చివురు రాకముందు. కుర్చీ తెచ్చి నన్ను ఇక్కడ కూర్చోబెట్టి, అంటుకత్తి చేతికిచ్చి ఉంటే గంటలో ఆ గాటు మీద వంతెన వేసేవాణ్ణే. పై అంచునించి కింది అంచుకి నాలుగు పుల్లలు. అంతే. బతికేది. నిన్న కాక మొన్నటిదాకా బతికించుకునే రోజులున్నాయి దీనికి."

"మీరు బాధపడతారని..."

"నేను బాధపడతానని దాన్ని చంపావా?"

అప్పుడు భ్రమరాంబగారికి ఎక్కడినించి వచ్చిందో ఆ కోపం. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ భర్త ఎదుట లేవని గొంతు లేచింది. "మీరు చెప్పారా? అయిదు నెలలు రక్తం పడుతుంటే పక్కన పడుకున్నదాన్ని, నాకు చెప్పారా? మీకూ రోజులుండేవిగా! గుడ్డలు మీరే ఉతుక్కుంటుంటే, మా ఆయన ఎంత మంచివాడో, పెద్దతనంలో నాకు పని తగ్గిస్తున్నాడని మురిసిపోయాను. నన్నడుగుతున్నారు దాచావెందుకని!"

కంచె అవతల కోలిన్ నీళ్ళ గొట్టం ఆపేసి, చప్పుడు చెయ్యకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. "మీ అమ్మమ్మని మందు ఇమ్మనవే" అని ఆయన, "మీ తాతయ్యని కాస్త ముద్ద తినమనవే" అని ఆవిడ, మధ్యలో సాహిత్య. "ఓ మై గాడ్, యు బోత్ ఆర్ ఇన్ ద సేమ్ రూమ్!" అని ఆ పిల్ల విసుక్కుంది. పొట్లాన్ని మాత్రం ఆయన పారెయ్యలేదు. మళ్ళీ ఎర్రదారం కట్టి తలగడ కిందే పెట్టుకున్నారు. రాసింది దేవుడి పేరు, దానిదేం పాపం అనుకున్నారేమో.

మూడోరోజు పొద్దున్న, ఎండ ఇంకా పెరట్లోకి దిగకముందు, ఆయన పిలిచారు. "భ్రమరా. నా అంటుకత్తి సానపట్టి తీసుకురా. కొవ్వొత్తి, ప్లాస్టిక్ కవరు కూడా."

ఆవిడ తెచ్చారు. చెట్టు పక్కన కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. పైన ఇంకా పచ్చగా ఉన్నచోట పెన్సిలంత కొమ్మలు నాలుగు కోయించి, ఆకులన్నీ తుంచి, తడిగుడ్డలో చుట్టించారు. తర్వాత ఆయన కత్తి పట్టుకున్నారు. చెయ్యి వణికింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని చూశారు. అయినా వణికింది. లక్ష అంట్లు కట్టిన చెయ్యి. దాన్ని కాసేపు చూసుకుని, కత్తి పిడి ఆవిడ వైపు తిప్పి పట్టుకున్నారు.

"నువ్వు కట్టు."

"నాకు రాదండీ. మట్టి చేతులు."

"నేను చెప్తాను. పుల్ల రెండు చివరలా కలం మొన కోసినట్టు ఏటవాలుగా కొయ్యి. ఒకే వేటు. గీకకు, తెగాలి. ఆఁ. తలకిందులు చెయ్యకు, మొగ్గ ఎటు చూస్తోందో చూడు, పైకే ఉండాలి. ఇప్పుడు బెరడు అంచు కాస్త లేపు. దాని కిందికి దూర్చు. చర్మం కింద సూది దూర్చినట్టు, మెల్లిగా. పైన కూడా అంతే."

మొదటి పుల్ల విరిగింది. ఇంకొకటి కోసుకొచ్చారు. నాలుగూ పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఎండిపోయిన ఆ ఉంగరం మీద నాలుగు పుల్లలు, కాలవ మీద వేసిన తాటిదూలాల్లా నిలబడ్డాయి. చుట్టూ ప్లాస్టిక్ కవరు పట్టీ బిగించి, కొవ్వొత్తి కరిగించి పోశారు.

"పడతాయాండీ?" అన్నారు ఆవిడ.

"పట్టవు. అదను పోయింది. ఆకులేసిన పుల్ల పట్టదు."

"మరి ఎందుకు కట్టించారు?"

 ఆయన ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, కత్తి గాట్లనీ, గోళ్ళలో మైనాన్నీ చూశారు.

"చూస్తూ కూర్చోలేక. నీకు చెయ్యి ఉందే భ్రమరా," అన్నారు. "ఇన్నాళ్ళూ నీచేత మట్టి మోయించాను. అదీ చెప్పలేదు."

క్రిస్మస్‌కి ఆకులన్నీ రాలిపోయాయి. భీష్మ ఏకాదశి వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం, శ్రావ్య చెంచాతో నోట్లో నీళ్ళు పోస్తుండగా, సత్యనారాయణగారు ఆఖరి శ్వాస విడిచారు. ఆసుపత్రి నర్సుపిల్ల ఎలా తెలుసుకుందో, కర్మకాండ రోజున తెల్లటి బట్టలు కట్టుకుని వచ్చి వెనక వరసలో నిలబడి వెళ్ళింది.

మూడో మాసికానికి హారిసన్ తెలుగువాళ్ళు పాతికమంది వచ్చారు. అప్పటికి చలిగాలి మొదలైంది. భోజనాలయ్యాక నలుగురూ వంటింటి కిటికీ దగ్గర చేరారు. బయట చెట్టు ఎముకల గూడులా ఉంది.

"అంకుల్‌తో పాటే వెళ్ళిపోయింది చూడండి," అంది శ్యామసుందరి, శ్రావ్య ఆఫీసులోనే పనిచేసే అమ్మాయి. "ఆయన మంచమెక్కారో లేదో ఒక్క ఆకు నిలవలేదు. ఎంత పుణ్యాత్ముడో."

"చెట్లకి తెలుస్తుందమ్మా," అన్నారు ఇంకో పెద్దాయన. ఇంకెవరో కళ్ళొత్తుకున్నారు. ఈ మాట మూడు నెలలుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. ఫోన్లో మండపేట దాకా వెళ్ళింది. పొద్దున్న ఆఫీసుకెళ్ళి రాత్రికొచ్చే శ్రావ్యకి ఆ గొడవ సంగతి తెలియదు, ఆమె కూడా అదే నమ్మింది. నమ్మి, ఆ నమ్మకంలో కాస్త ఓదార్పు పొందింది.

భ్రమరాంబగారు గిన్నెలు కడుగుతున్నారు. చెయ్యి తుడుచుకున్నారు. ఊరుకుంటే సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. కూతురి మనసుకి ఆ కథ చల్లగా ఉంది. చచ్చిపోయిన మనిషికి అది కీర్తే. ఆవిడ దేవుడి గదివైపు చూసి, తలుపు తీసి పెరట్లోకి నడిచారు.

"ఎక్కడికమ్మా? చలిగా ఉంది," అని శ్రావ్య శాలువా పట్టుకుని వెంటవచ్చింది. ఆ వెనకే మిగతావాళ్ళు.

"ఈ చెట్టు ఆయన కోసం పోలేదు," అన్నారు భ్రమరాంబగారు. గొంతు సన్నగా ఉన్నా ఆగలేదు. "నేను చంపాను. మంత్రం రాయడానికి బెరడు కోశాను. అది తెలియక చేసింది. బతికించే దారుందని కోలిన్ చెప్పాడు, మీ నాన్నకి చెప్పమన్నాడు. చెప్పకుండా గోనె కట్టాను. అది తెలిసి చేసింది. చెప్పుంటే ఆయన బతికించుకునేవారు. ఆయన మెచ్చిన చెట్టు ఆయన కళ్ళముందే పోయింది, నావల్ల. దానికి పుణ్యాల కథలు కట్టకండమ్మా."

 శ్యామసుందరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రావ్య మొహంలో ఏదో విరిగినట్టయింది. అమ్మని చూసింది, చెట్టుని చూసింది. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది చాలా చిన్నగా. 

కోసిన చోటు చూపిద్దామని ఆవిడ వంగి ప్లాస్టిక్ కవరు పట్టీ విప్పడం మొదలుపెట్టారు. మైనం పెళుసుగా రాలింది. మూడు పుల్లలు చేతిలోకి ఊడివచ్చాయి, ఎండు చీపురు ఈనెల్లా. నాలుగోది ఊడలేదు. ఆవిడ దాన్ని వేళ్ళతో కదిపి చూశారు. కింది చివర గట్టిగా ఉంది. గోటితో గీరితే లోపల పచ్చ.

శాలువా భుజాల మీద కప్పబోతున్న శ్రావ్య చెయ్యి ఆగింది. నర్సరీలో పుట్టిన పిల్ల, ఆ పచ్చ ఏమిటో ఆమెకీ తెలుసు. పక్కన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"పట్టిందా అమ్మా?"

భ్రమరాంబగారు పై చివర తడిమారు. అది చచ్చిన కాండానికి ఆనుకుని ఊరికే నిలబడి ఉంది. కింద వేరు మాత్రం దాన్ని తనదనుకుంది, ఆ పుల్ల చివురిస్తే మళ్ళీ దొరసానే.

"కింద పట్టింది," అన్నారు. "పైన పట్టలేదు."